ఖాళీ కుర్చీల చప్పట్లు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే గోల చేయడం అని చెప్పేవాణ్ణి. అందులో అబద్ధమేమీ లేదు. ఆ మాయదారి జబ్బు వచ్చి జనమంతా తలుపులు బిగించుకున్న కొన్ని నెలలకి, ఆగిపోయిన బాస్కెట్‌బాల్ పోటీలు మళ్ళీ మొదలుపెట్టారు. కాకపోతే చూడటానికి ఒక్క పురుగుని కూడా రానివ్వలేదు. హాలు నిండా ఖాళీ కుర్చీలే. బంతి నేలకి తగిలితే ఆ చప్పుడు పైకప్పు దాకా వెళ్ళి తిరిగొచ్చేది. ఆ నిశ్శబ్దంలో ఆటగాళ్ళకి కాళ్ళు ఆడలేదు. టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి చావింటికి పరామర్శకి వెళ్ళినట్టు ఉందట. అందుకని నన్ను పిలిచారు.

పాత మ్యాచుల్లో జనం వేసిన కేకలు, ఈలలు, చప్పట్లు, నిట్టూర్పులు అన్నీ ముక్కలు ముక్కలుగా నా దగ్గర భద్రంగా ఉన్నాయి. హాలు పైన అద్దాల గదిలో ఒంటరిగా కూర్చుని, కింద ఆట చూస్తూ, ఎప్పుడు ఏ గోల కావాలో అప్పుడు ఆ గోల వదలాలి. నా ముందు వరసగా మీటలుంటాయి. పైకి తోస్తే చప్పుడు పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. అంతకు మించి అందులో వేదాంతం లేదు.

నేను పిరికివాణ్ణి. ఇది ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. మమ్మల్నందరినీ ఒక హోటల్లో పెట్టి, హోటల్నుంచి హాలుకి ఒక పొడుగాటి నడవా కట్టి, ఇక బయటి గాలి పీల్చడానికి వీల్లేదన్నారు. పొద్దున్నే ముక్కులో పుల్ల పెట్టి తిప్పేవాళ్ళు. మెదడు గీకి చూస్తున్నారా అనిపించేది. తర్వాత వేలికి క్లిప్పు తగిలించి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసేవాళ్ళు, నుదుటికి తుపాకీలాంటిది గురిపెట్టి జ్వరం చూసేవాళ్ళు. నాకు ఇవన్నీ చాలేవి కాదు. లిఫ్టు బటన్ మోచేత్తో నొక్కేవాణ్ణి. చేతులు కడిగీ కడిగీ వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలింది. పక్క గదిలో ఎవడో తుమ్మితే నా గదిలో నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి, మధ్యలో గోడ ఉందన్న సంగతి మర్చిపోయి. ఇంత భయం ఉన్నవాడు ఇంట్లో దాక్కోక ఇక్కడికెందుకొచ్చాడంటే, మా అక్క వల్ల.

మా అక్క మొగుడు ఆ పోటీల్లో ఆడే ఒక జట్టుకి కెప్టెను. అందరూ అతన్ని మైకు అంటారు. బంతి కొట్టుకుంటూ మధ్య గీత దాటి, ఎవడు ఎటు పరుగెత్తాలో, ఎవడు ఎవడికి అడ్డం నిలబడాలో అరిచి చెప్పడం అతని పని. ఆ గొంతుకి వేరే మైకు అక్కర్లేదని ఆ పేరు పెట్టారు. మా బావ ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివర్న ఎవరో ఉలిక్కిపడతారు. ముప్పయ్యారేళ్ళు దాటినా కుర్రాళ్ళని మట్టి కరిపించేవాడు.

నేను హోటల్‌కి బయల్దేరే ముందు రోజు, వెళ్ళకుండా ఎగ్గొట్టడానికి సాకు వెతుక్కుంటుంటే, అక్క మా ఇంటి మెట్ల దగ్గరికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. మాస్కు ముక్కుమీదికి లాక్కుంటూ అక్కడే నిలబడింది.

"ఒరేయ్, ఆ మధ్య మీ బావకి జ్వరమొచ్చింది. నీకు చెప్పలేదు."

"మామూలు జ్వరమేగా?"

"పొయ్యిమీద కూర మాడిపోతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాడురా. వాసనే తెలీలేదు ఆయనకి. ఏం జ్వరమో నువ్వే చెప్పు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఇంట్లో నేను ఆఖరిసారి ఎప్పుడు భోంచేశానా అన్నది నాకు వచ్చిన మొదటి ఆలోచన. అంత గొప్ప తమ్ముణ్ణి నేను.

"పరీక్ష చేయించలేదా?"

"చేయించుకుంటేగా. జలుబన్నాడు, పడిశమన్నాడు. జ్వరం తగ్గగానే మేడమెట్లు ఎక్కి దిగడం మొదలెట్టాడు. సగం ఎక్కి గోడ పట్టుకుంటున్నాడు. నేను చూడట్లేదనుకుంటాడు పాపం. పక్కన పడుకుంటే ఆయన గుండె నాకు వినపడుతోందిరా. ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి."

"మరి డాక్టరుకి చెప్పొచ్చుగా అక్కా?"

"జబ్బు వచ్చి పోయిందని చెప్పినవాళ్ళకి గుండె పరీక్షలన్నీ చేస్తారట. ఏ కాస్త తేడా ఉన్నా నెలల తరబడి కూర్చోబెడతారట. ఈ వయసులో ఒకసారి కూర్చుంటే ఇంక లేవనివ్వరని ఆయన భయం. అక్కడి డాక్టరుకి తనే చెప్తానని నాకు మాటిచ్చాడు. చెప్తాడని నాకు నమ్మకం లేదు." అక్క వెళ్ళబోయి మళ్ళీ ఇటు తిరిగింది. "నీకు ఆ మైకుల్లో అన్నీ వినపడతాయి కదరా. ఆయన ఊపిరి వింటూ ఉండు. తేడా వస్తే మాత్రం ఊరుకోకు."

చాకలికి బట్టలు వెయ్యమన్నంత మామూలుగా చెప్పి వెళ్ళిపోయింది. నేను ఆ మెట్లమీద చాలాసేపు కూర్చున్నాను. నవ్వుతూ తిరిగే ఆటగాళ్ళు ఆ జబ్బు వచ్చి పోయాక గుండె వాచి, తెలియక పరుగెత్తి, పరుగులోనే కూలబడ్డారని పేపర్లో చదివాను. చదివినప్పుడు అది ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి.

హోటల్లో బావని ఒంటరిగా పట్టుకోవడానికి నడవా తప్ప దారి లేదు. ఆ నడవాలో నేలమీద దూరం దూరంగా పసుపు చుక్కలు అతికించారు. చుక్కకొక మనిషి చొప్పున నిలబడాలి. బావ ఒక చుక్కమీద నిలబడి బంతి కొడుతున్నాడు. నేను ఆ పక్క చుక్క వదిలేసి దాని అవతలి చుక్కమీద నిలబడ్డాను.

"ఏంటి బామ్మర్దీ, ఉత్తరం రాసుకుందామా? అంత దూరం నిలబడ్డావు!" అన్నాడు. నడవా అంతా మోగింది.

"డాక్టరుకి చెప్పావా బావా?"

బంతి ఆగింది. "మీ అక్క చెప్పిందా?"

"చెప్పావా లేదా?"

"చూడు, పొద్దున్నే ముక్కులో పుల్ల పెడుతున్నారా? ఏం లేదంటోంది. వేలికి క్లిప్పు పెడుతున్నారా? భేషంటోంది. మిషన్లన్నీ బావుందంటుంటే బాలేదని నేనెందుకు చెప్పాలి?"

"అవి కూర్చున్నప్పుడు చూస్తున్నారు. పరుగెత్తాక చూస్తే కదా!"

"నువ్వెప్పుడు డాక్టరీ చదివావురా? గోల చెయ్యమంటే వైద్యం చేస్తున్నావ్." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. బావ గొంతు తగ్గించడం నేను అదే మొదటిసారి వినడం. "ఇన్నేళ్ళలో మా జట్టు ఫైనల్‌కి వెళ్ళిందే లేదు. ఈసారి వెళ్తాం. నాకు తెలుస్తోంది. అది అయిపోనీ, ఏ డాక్టరు కాళ్ళు పట్టుకోమంటే వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. అప్పటిదాకా నోరు విప్పావో, మీ అక్క మీద ఒట్టు."

ఎవరి ప్రాణం కాపాడమని అక్క పంపిందో, ఆ మనిషే అక్క మీద ఒట్టు పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా తల ఊపాను. పెద్దవాళ్ళు కళ్ళెర్రజేస్తే తల ఊపడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న రోగం.

పోటీలు మొదలయ్యాయి. రెండు బుట్టల కింద రెండు మైకులు, రెండు బెంచీల దగ్గర రెండు మైకులు. అవన్నీ ముందు నా చెవుల్లోకే వస్తాయి. బూట్ల కీచుమనే రాపిడి, రిఫరీ ఈల, మోకాలు మోకాలికి తగిలిన చప్పుడు, బూతులు. బూతుల కోసం నాకు ప్రత్యేకంగా పాఠం చెప్పారు. బయట వ్యాన్లో కూర్చునే టీవీ డైరెక్టరు నా చెవిలో జోరీగలా ఉండేవాడు. "పిల్లలు చూస్తుంటారయ్యా, ఎవడు నోరు జారినా వెంటనే చప్పట్లు పైకి తొయ్. ఇంట్లో ఏదీ వినపడకూడదు." కొన్నాళ్ళకి నా వేలు నాకంటే ముందే కదిలేది. ఎవడి నోట్లోంచి అయినా తప్పుడు చప్పుడు వస్తే చాలు, నేను ఆలోచించేలోపు వేలు మీటని తోసేసేది. డైరెక్టరు తెగ మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను.

ఆ రికార్డుల గురించి ఒక మాట చెప్పాలి. అవి నిరుటి జనం గొంతులు. వింటూ వింటూ నాకు కొందరు పరిచయమైపోయారు. ఒకాయన పొడుగ్గా ఈల వేస్తాడు. ఒకామె బుట్టలో బంతి పడ్డప్పుడల్లా ఎక్కిళ్ళు వచ్చినట్టు నవ్వుతుంది. ఆ కుర్చీల్లో ఒకరి భుజానికి ఒకరు భుజం ఆనించి అరిచినవాళ్ళలో ఇప్పుడు ఎంతమంది మిగిలి ఉన్నారో నాకు తెలియదు. ఈల వినపడినప్పుడల్లా కిందికి, ఖాళీ కుర్చీల వైపు చూసేవాణ్ణి.

అందులో ఒక ముక్కలో మా అక్క గొంతు కూడా ఉంది. నిరుడు తను మూడో వరసలో కూర్చున్న మ్యాచి అది. వేలమంది గోల మధ్యలో "మైకూ, పరుగెత్తు!" అని ఒక్క కేక. అందరికీ అది జనం గోలలో ఒక పోగు, అంతే. బావకి మాత్రం తెలుసు. ఆటలో ఆఖరి భాగం, నాలుగో క్వార్టర్లో, జట్టు వెనకబడ్డప్పుడు, పైకి నా గది వైపు చూసి చెవిమీద వేలితో తట్టేవాడు. నేను ఆ ముక్క వదిలేవాణ్ణి. అతను పరుగెత్తేవాడు.

మొదటి మ్యాచుల్లో నాకు తేడా ఏమీ తెలియలేదు. అందరూ రొప్పుతున్నారు, బావా రొప్పుతున్నాడు. నెలల తరబడి ఇంట్లో కూర్చుని వచ్చినవాళ్ళు రొప్పక ఏం చేస్తారు? అక్క రోజూ ఫోన్ చేసి "ఎలా ఉందిరా?" అనేది. "బావుందే" అనేవాణ్ణి. నాకు నేను కూడా అదే చెప్పుకునేవాణ్ణి.

సెమీఫైనల్లో తెలిసింది. మూడో క్వార్టర్ సగంలో బావ అరవడం మానేశాడు. చేతి వేళ్ళతో సైగలు చేస్తున్నాడు. కుర్రాళ్ళు అది ఏదో కొత్త ఎత్తు అనుకున్నారు. టీవీలో మాట్లాడే పెద్దమనిషి "ఎదుటి జట్టుకి తెలియకుండా సైగల్లోకి మారాడు, ఎంత అనుభవం!" అని మురిసిపోయాడు. బుట్ట కింద మైకులో నాకు వినపడుతున్నది వేరు. రెండు ఊపిర్లు గబగబా, తర్వాత కాస్త ఖాళీ, మళ్ళీ రెండు. ఆ ఖాళీ దగ్గర నా ఊపిరి కూడా ఆగుతోంది. తర్వాత ఆట కాసేపు ఆపే టైమవుట్‌లో బెంచీ మీద కూర్చుని మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. లోపల్నుంచి, కడుపు నొక్కుకుని, వదలకుండా దగ్గాడు.

దగ్గు అంటే అక్కడ ఎంత పెద్ద మాటో చెప్పాలి. ఎవడు దగ్గినా ఆట ఆపి డాక్టరు చూడాల్సిందే. జట్టు డాక్టరమ్మ బెంచీ వెనక, ప్లాస్టిక్ తెర అవతల కూర్చుంటుంది. ఆ దగ్గు ఆమె విని ఉంటే ఆ సాయంత్రమే అంతా తేలిపోయేది.

కానీ నా వేలు కదిలింది. తప్పుడు చప్పుడు వినపడగానే, నాతో చెప్పకుండా, చప్పట్ల మీటని పైదాకా తోసేసింది. హాలంతా హర్షధ్వానాలు. టైమవుట్‌లో ఎవరూ ఏమీ చేయనప్పుడు ఆ చప్పట్లేమిటో ఎవరికీ అర్థం కాలేదు. డాక్టరమ్మ కూడా ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ తల దించుకుంది. బావ తువ్వాలు తీసి నా గది వైపు చూసి కన్ను గీటాడు. నేను కావాలనే చేశాననుకున్నాడు.

వేలిని మీటమీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆ మ్యాచి గెలిచారు. మర్నాడు అట్టపెట్టెల్లో భోజనాలు పంచే చోట డాక్టరమ్మ నా వెనక చుక్కమీద నిలబడింది. మాస్కు మీద కళ్ళద్దాలు, వాటిమీద ఇంకో ప్లాస్టిక్ తొడుగు. మనిషి మొహం చూసి నెలలవుతున్నట్టు అనిపించేది ఆమెని చూస్తే.

"నిన్న టైమవుట్‌లో చప్పట్లు కొట్టించారు మీరు," అంది.

"పొరపాటున తగిలిందండీ."

"నేను తెర వెనక కూర్చుంటాను. నాకు మీ గోల తప్ప ఏమీ వినపడదు. మీకేమో అన్నీ వినపడతాయి. అందుకని అడుగుతున్నాను. ఎవరైనా మామూలుకంటే ఎక్కువ ఆయాసపడుతున్నారా?"

నీళ్ళు నమిలాను. నాలుక చివర బావ పేరు ఉంది. దాని పక్కనే అక్క మీద పెట్టిన ఒట్టు ఉంది. "అందరూ రొప్పుతారు కదండీ, ఆటన్నాక," అన్నాను.

"నిజమే. కానీ రొప్పడంలో రకాలుంటాయి. మీకు చెవులున్నాయి కాబట్టి చెప్తున్నాను," అని పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది. నేను పెట్టె గదికి తీసుకెళ్ళి మూత కూడా తియ్యలేదు.

అక్క ఫోన్ చేసింది. "నిన్న నాలుగో క్వార్టర్లో ఆయన గొంతు వినపడలేదురా."

"సైగలు చేస్తున్నాడే. కొత్త ఎత్తట."

"నాతో ఎత్తులు వెయ్యకు. నీకేం వినపడింది?"

"ఏం లేదక్కా."

"సరేలే," అంది. ఆ 'సరేలే' నా గుండెల్లో ముల్లులా దిగింది. అక్కకి అబద్ధం చెప్పాను. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నానని నన్ను నేను ఎంత జాలిగా చూసుకున్నా, జరిగింది మాత్రం అది.

ఫైనల్ రోజు మధ్యాహ్నం బావ తనే నడవాలోకి పిలిచాడు. చేతిలో బంతి లేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"బామ్మర్దీ, ఇవాళ గోల కాస్త ఎక్కువ పెట్టు."

"ఎందుకు?"

"ఊరికే. ఫైనల్ కదా."

"ఎందుకు బావా?"

అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు. "నా ఊపిరి నాకే వినపడుతోందిరా. అది వింటుంటే ఆట మీద ధ్యాస ఉండట్లేదు. గోల ఉంటే వినపడదు. అంతే."

నేను పసుపు చుక్కలన్నీ దాటి అతని దగ్గరికి వెళ్ళాను. అన్ని రోజుల్లో ఒక మనిషికి అంత దగ్గరగా నిలబడటం నాకదే మొదటిసారి. "బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆడకు. డాక్టరమ్మ మంచిది. ఇప్పుడైనా చెప్పేద్దాం."

"ఈ ఒక్క సాయంత్రం," అన్నాడు. "ఒట్టేశావు."

"నేనెయ్యలేదు, నువ్వేశావు!"

"ఎవరేస్తే ఏంట్లే. ఒట్టు ఒట్టే." నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. నడవా చివరిదాకా నడిచి, అక్కడ ఒకసారి గోడమీద అరచెయ్యి ఆనించి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు. నాకు పరుగెత్తుకెళ్ళి డాక్టరమ్మ తలుపు కొట్టాలని ఉంది. ఆమె ఏ గదిలో ఉంటుందో కూడా తెలిసి, నేను నా అద్దాల గదికే వెళ్ళాను.

మ్యాచి మొదలైంది. మొదటి క్వార్టర్లో బావ మళ్ళీ పాత మైకులా అరిచాడు. "ఎడమకి! ఎడమకి రా!" అన్న కేక నా గదికున్న అద్దాన్ని కూడా కదిలించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతా నా పిరికి బుర్ర పుట్టించిన భయమేమో, ఇన్నాళ్ళూ ఊరికే చచ్చానేమో అనుకున్నాను. అతను చెప్పినట్టే గోల ఎక్కువ పెట్టాను. డైరెక్టరు "భలే ఉందయ్యా, హాలు నిండిపోయినట్టే ఉంది!" అన్నాడు.

మూడో క్వార్టర్ వచ్చేసరికి కేకలు పోయాయి. సైగలొచ్చాయి. నాలుగో క్వార్టర్లో సైగలు కూడా తగ్గాయి. స్కోరు పక్కపక్కనే నడుస్తోంది. ఎవడో బావని నెట్టాడు, రిఫరీ ఈల వేశాడు. బావకి రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబడి బుట్టలో వేసే అవకాశం రెండుసార్లు.

మన ఆటగాడు ఫ్రీ త్రో వేస్తున్నప్పుడు మన జనం నోరు మూసుకుంటారు. అది ఆ ఆటలో మర్యాద. కాబట్టి నేను గోల తగ్గించాలి. తగ్గించాను. బావ గీత దగ్గర నిలబడి బంతి నేలకి కొట్టాడు. బుట్ట కింది మైకులో బంతి చప్పుడు వినపడింది. దాని వెనక అతని ఊపిరి వినపడింది. రెండు గబగబా. ఖాళీ. ఆ ఖాళీ ఎంతకీ అయిపోవడం లేదు. తర్వాత గొంతులో ఎక్కడో సన్నగా, మూత సరిగా పడని కుక్కరు లాగా ఒక కూత. మళ్ళీ రెండు.

బంతి వదిలాడు. అది బుట్టని తాకను కూడా తాకలేదు. ఇనప చట్రానికి జానెడు కిందే వాలిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ గీత దగ్గర నిలబడుతున్న మనిషి అతను. కళ్ళకి గంతలు కట్టినా వేసేవాడు.

రెండోది వేసే ముందు నా గది వైపు చూశాడు. అరచెయ్యి పైకి ఎత్తాడు. గోల పెంచమని. ఆ తర్వాత చెవిమీద వేలితో తట్టాడు. అక్క కేక వెయ్యమని.

వేశాను. అతను అడిగాడు, నేను వేశాను. నిరుటి జనమంతా లేచి అరిచారు. పొడుగు ఈలాయన, ఎక్కిళ్ళ నవ్వావిడ, అందరి మధ్యలోంచి మా అక్క: "మైకూ, పరుగెత్తు!"

రెండోదీ పడలేదు. చట్రానికి తగిలి వెనక్కొచ్చిన బంతికోసం అందరూ ఎగబడ్డారు. అది ఎదుటి జట్టుకి దొరికింది, అందరూ అవతలి వైపు పరుగెత్తారు. బావ కూడా పరుగెత్తాడు. నాలుగడుగులు వేసి, చొక్కా మీద గుండె దగ్గర పిడికిలి పెట్టుకుని, మళ్ళీ పరుగెత్తాడు. అక్క గొంతు ఇంకా హాల్లో తిరుగుతోంది. అతన్ని పరుగెత్తిస్తున్నది ఆ గొంతు. ఆ గొంతుని అతని మీదికి వదిలింది నేను. అక్క నన్ను పంపింది వినమని. నేను ఆమె నోటితోనే అతన్ని తరుముతున్నాను.

అప్పుడు నాకు కలిగిన భయం అంతకు ముందు భయాల్లాంటిది కాదు. లిఫ్టు బటన్లూ, పక్కగది తుమ్ములూ అన్నీ వట్టి ఆటలైపోయాయి. మా బావ నా కళ్ళముందు చచ్చిపోతాడు. నేను దానికి చప్పట్లు కొట్టిస్తాను. చెవుల్లో ఆ మాట స్పష్టంగా, ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడింది.

రెండు చేతులతో మీటలన్నీ పట్టుకుని కిందికి లాగేశాను.

హాలు ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. అంతసేపూ ఉన్న వేలమంది మాయమైపోయారు. ఆటగాళ్ళు పరుగు మధ్యలో తడబడ్డారు. నేను అక్కడితో ఆగలేదు. బావ ఉన్న వైపు బుట్ట కింది మైకు మీట ఒక్కటి వెతికి పట్టుకుని, దాన్ని హాలు స్పీకర్లలోకి తెరిచి, పైదాకా తోశాను.

అందరూ విన్నారు. కోచ్ విన్నాడు, కుర్రాళ్ళు విన్నారు, రిఫరీ విన్నాడు. రెండు గబగబా. ఖాళీ. కూత. రెండు. హాలంత పెద్ద మనిషి ఎవరో ఊపిరందక గిలగిలలాడుతున్నట్టుంది. రిఫరీ ఈల నోటి దగ్గర పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. తర్వాత గుర్తొచ్చి ఊదాడు. ఆట ఆగిపోయింది.

"ఏమైందయ్యా! గోల ఏది? ఆ చప్పుడేంటి? కప్పెయ్, కప్పెయ్!" నా చెవిలో డైరెక్టరు గొంతు చించుకుంటున్నాడు. నా వేలు చప్పట్ల మీటమీదే ఉంది. అలవాటు కొద్దీ అది ఒకసారి అదిరింది. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

బావ బుట్ట కింద నిలబడి పైకి, నా వైపు చూశాడు. ఆ చూపు నన్ను కాల్చేసింది. ద్రోహిని చూసినట్టు చూశాడు. ఏదో అరవబోయాడు, గొంతు రాలేదు. మోకాళ్ళమీద చేతులు పెట్టుకున్నాడు. మెల్లగా కిందికి దిగి, నేలమీద కూర్చున్నాడు. తన ఊపిరి తనకే హాలు నాలుగు గోడల్నుంచీ వినపడుతుంటే కాసేపు తల పక్కకి వంచి విన్నాడు. అప్పుడు అతని మొహంలో కోపం పోయింది. మైకు మీదికి వంగినట్టు కూడా కాదు, ఊరికే, తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"భయమేస్తోందిరా."

ఆ మాట హాలంతా నిండింది. ఎవరూ కదల్లేదు, ప్లాస్టిక్ తెర తోసుకుని అప్పటికే పరుగెత్తుకొస్తున్న డాక్టరమ్మ తప్ప. ఆమె చుక్కలూ గీతలూ చూసుకోలేదు. అతని పక్కన మోకాళ్ళమీద కూర్చుని, స్టెతస్కోపు గుండెకి ఆనించి, ఎవరూ మాట్లాడొద్దని చెయ్యి పైకెత్తింది. ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె నా గది వైపు చూసి, "అలాగే ఉంచండి," అంది. అన్ని రోజుల్లో ఆ హాల్లో నన్ను నిశ్శబ్దం అడిగింది ఆమె ఒక్కతే.

నా జేబులో ఫోన్ అదురుతోంది. రెండు చేతులూ మీటల దగ్గరే ఉన్నాయి. ఒక చెయ్యి తీసి, ఒక చెవి మీది హెడ్‌ఫోన్ జరిపి, ఫోన్ని భుజానికీ చెంపకీ మధ్య ఇరికించుకున్నాను. అక్క. టీవీ చూస్తోంది. కింద డాక్టరమ్మ వింటోంది, ఇక్కడ నేను వింటున్నాను, అక్కడ అక్క వింటోంది. ముగ్గురం ఒక్క గుండెనే వింటున్నాం.

"సరిగ్గా కొట్టుకోవట్లేదు, కానీ కొట్టుకుంటోంది," అంది డాక్టరమ్మ. మైకు దాన్ని కూడా పట్టుకుని హాలంతా చెప్పింది. "పడుకోండి. ఇంక పరుగు లేదు. ఇవాళే కాదు, చాలా రోజులు. బండి వస్తోంది. పడుకోండి నాన్నా." బావ చిన్నపిల్లాడిలా తల ఊపి పడుకున్నాడు.

"ఒరేయ్," అంది అక్క ఫోన్లో. ఏడుస్తోంది. "ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాతో ఒక్కసారి కూడా అనలేదురా ఆ మాట."

"నాకు ముందే తెలుసక్కా. నీకు అబద్ధం చెప్పాను."

"తర్వాత తిడతాలే. ఇప్పుడు ఊరుకో, విననీ."

డైరెక్టరు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేశాను. స్ట్రెచర్ వచ్చి, అతన్ని ఎక్కించి, తలుపు దాటించేదాకా, మైకుకి అందనంత దూరం వెళ్ళేదాకా, ఆ ఊపిరి వింటూ కూర్చున్నాను. చప్పట్ల మీట కిందే ఉంది.